పిలవని పేరుకి పలికిందెవరు

చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు, ముందే చెప్పేస్తాను. దెయ్యాలు, గాలి సోకడాలు, చేతబళ్లు, వీటిలో దేన్నీ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నేను టాటానగర్ యార్డు పక్కన, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. యార్డులో తలలేని గార్డు ఒకడు లాంతరు పట్టుకుని తిరుగుతాడని మా వీధి పిల్లలంతా వణికేవారు. ఆ లాంతరు పట్టాలు మార్చే ఏ పాయింట్స్‌మన్‌ది అన్నది కనుక్కుని, ఆయన పేరు కూడా చెప్పి వాళ్ల సరదా పాడుచేసిన రకాన్ని నేను. "దీనికి భయమూ లేదు, భక్తీ లేదు" అని మా అమ్మ తిట్టేది.

అలాంటిదాన్ని ఇప్పుడు ఈ సంగతి రాస్తున్నాను. గోరంతను కొండంత చేయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ఎనభైల మధ్యలో నేను జంషెడ్‌పూర్‌లోనే ఒక కార్ఖానాలో కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఆ పెద్ద కంపెనీ కాదు. దాని చుట్టూ పుట్టుకొచ్చిన బోలెడు చిన్న కార్ఖానాల్లో ఒకటి. ఇప్పుడు అది లేదు, మూతపడి చాలా కాలమైంది. యజమానిగారి కొడుకు కలకత్తాలో చదువుకుని వచ్చి, సరదాపడి ఒక యూనిక్స్ మిషన్ కొనిపించాడు. దానికి తెర, మీటలు ఉన్న రెండు టెర్మినళ్లు, చెవులు చిల్లులు పడేలా అరిచే ఒక ప్రింటరు. కార్ఖానా మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే కావడంతో, పని ఉన్నవాళ్ల కంటే పని లేనివాళ్లే ఎక్కువ వచ్చేవారు.

నాకా ఉద్యోగం రావడానికి కారణం మా అన్నయ్య సింహాచలం. మాకు ఇంటిపేరు లెంక. బియస్సీ అవగానే నాకు పెళ్లి చేసేయాలని నాన్న కూర్చుంటే, "కంప్యూటర్ కోర్సు చేయనీ, పెళ్లి ఎక్కడికీ పోదు" అని నాన్నతో ఎదురు వాదించినవాడు అన్నయ్య. నాన్న ముందు నిలబడి మాట్లాడటం మా ఇంట్లో చిన్న విషయం కాదు. అన్నయ్య అదే కార్ఖానాలో వెల్డరు. అప్పటికి పెళ్లయి, వదిన నీళ్లోసుకుని ఉంది.

అన్నయ్య గురించి ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. వాడికి తెలుగు బాగా అర్థమవుతుంది గానీ నోట్లోంచి వచ్చేది హిందీ. చిన్నప్పటి నుంచీ అంతే. అమ్మ వంటింట్లోంచి "ఒరే సింహాచలం, అన్నానికి రా" అని కేకేస్తే, వీధి అరుగు మీంచి "హాఁ మా, ఆతా హూఁ" అని జవాబు వచ్చేది. "నా కడుపున బిహారీ పుట్టీసేడు" అని అమ్మ అందరికీ చెప్పుకుని నవ్వేది.

కంప్యూటర్ గదిలో నాతో పాటు వరహాలమ్మ పిన్ని ఉండేది. నిజంగా పిన్ని కాదు. విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లోనే బారిడీహ్‌లో స్థిరపడిన కుటుంబం. చాలాకాలం ఆఫీసులో టైపిస్టుగా చేసి, మిషన్ వచ్చాక ఈ గదికి మారింది. వేళ్లు మిషన్‌గన్నే. తప్పు పడదు. నోరు కూడా అంతే. ఎవరినైనా ఏమైనా అనేస్తుంది, మళ్లీ తనే పిలిచి మజ్జిగ పులుసు పెడుతుంది.

మా మిషన్ చేసే పనుల్లో ఒకటి మనుషుల్ని లెక్కపెట్టడం. కార్ఖానాలో కొలిమి నుంచి గ్యాసును మోసుకెళ్లే ఒక పెద్ద గొట్టం ఉండేది. మనిషి వంగి నడవగలిగేంత వెడల్పు. అప్పుడప్పుడు గ్యాసు ఆపి, మనుషులు లోపలికి దిగి, చిల్లులు పడ్డచోట అతుకులు వేసేవారు. పని అయ్యాక మూత బిగించి మళ్లీ గ్యాసు వదిలేవారు. ఆ గ్యాసుకి వాసన ఉండదు. మూత బిగించేటప్పుడు లోపల ఎవరైనా ఉండిపోతే ఇక వాళ్లను మర్చిపోవలసిందే.

అందుకని ఒక పద్ధతి పెట్టారు. లోపలికి వెళ్లేవాళ్ల పేర్లు సేఫ్టీ గుమాస్తా ఒక చీటీ మీద రాసి మా గదికి పంపిస్తాడు. పిన్ని వాటిని ఒక ఫైలులోకి కొడుతుంది. పని అయ్యాక మేము ఆ పేర్లు ప్రింటు తీసి పంపిస్తాం. ముఠా మిస్త్రీ, అంటే ముఠాపెద్ద, మూత దగ్గర నిలబడి ఒక్కో పేరూ పిలుస్తాడు. పిలిచినవాడు "హాజిర్" అనాలి. అందరూ అన్నాకే మూత పడుతుంది.

ఫైలంటే మరేం లేదు, మిషన్ కడుపులో దాచుకునే కాగితం. దాన్ని చదివి ప్రింటు వేయడానికి ఒక చిన్న షెల్ స్క్రిప్టు, అంటే మిషన్‌కి వరసగా ఇచ్చే ఆజ్ఞల జాబితా, ఉండేది. మిషన్‌తో వచ్చిన కలకత్తా ఇంజనీరు రాసిచ్చి వెళ్లిపోయాడు. దాని తెలివంతా ఇంతే: ఒక వరస చదువు, చదివింది అచ్చువెయ్యి, ఇంకో వరస ఉందా, చదువు, లేకపోతే ఆగు. చివర్న మొత్తం ఎందరో లెక్క కూడా వేసేది. నెలల తరబడి ఆ కాగితాలు వెళ్లాయి, మూతలు పడ్డాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఆ రోజు వాన. శ్రావణంలో ఇక్కడ పడే వాన, ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంటుంది. మధ్యాహ్నం భోజనం చేసి నేను గదికి తిరిగొచ్చేసరికి పిన్ని ఆ రోజు పేర్లు కొట్టేసి, స్వెటరు అల్లుకుంటోంది. వాళ్లాయనకని మొదలుపెట్టి, ఏసీ చలికి చివరికి తనే వేసుకున్న స్వెటరు అది. కాసేపటికి లోపల పని అయిపోయిందని కబురొచ్చింది. నేను స్క్రిప్టు నడిపి కాగితం తీశాను. తీసుకెళ్లాల్సిన ప్యూను ఆ రోజు సెలవు. గొడుగేసుకుని నేనే బయల్దేరాను.

నేను చేతిలో పట్టుకున్న కాగితంలో అన్నయ్య పేరు లేదు. ఉంటే చూసేదాన్ని కదా. వాడు ఆ రోజు షెడ్డులో గేట్లు వెల్డింగు చేస్తున్నాడనే నాకు తెలుసు. పొద్దున్న సైకిలు మీద ఇద్దరం కలిసే వచ్చాం, దారిలో వాడే చెప్పాడు.

మూత దగ్గర ముఠా అంతా తడిసి ముద్దై కూర్చుని ఉంది. మిస్త్రీ పేరు లఖన్. ఛాప్రా జిల్లా మనిషి, చాలా జాగ్రత్తపరుడు. కాగితం తడవకుండా నన్ను గొడుగు పట్టమని, ఒక్కో పేరూ గొంతెత్తి పిలిచాడు. ఒక్కొక్కరూ "హాజిర్" అన్నారు. బీడీ నోట్లో పెట్టుకుని ఒకడు ముక్కుతో అంటే లఖన్ మిస్త్రీ వాడిచేత మళ్లీ అనిపించాడు. కాగితం అయిపోయింది. దాన్ని మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ఆ సంచి జేబులో దోపుకున్నాడు. ఇద్దరు మనుషులు మూత ఎత్తడానికి వంగారు.

అప్పుడు గొట్టంలోంచి ఒక గొంతు పలికింది.

"ఉన్నానండీ."

అంతే. అరుపు కాదు, ఏడుపు కాదు. బళ్లో మాస్టారు హాజరు పిలిస్తే పిల్లవాడు పలికినట్టు, మామూలుగా. ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు కూడా లేదు. మూత పక్కనే, చీకట్లో కూర్చున్న మనిషి పలికినట్టుంది. నాకు భయం వేయలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు వింతగా కూడా అనిపించలేదు. మన తెలుగువాళ్లెవరో ఇంకా లోపలే ఉన్నారు అనుకున్నాను, అంతే. గొంతు తెలిసిన గొంతు కాదు.

"మిస్త్రీజీ, అందర్ ఆద్మీ హై" అన్నాను, లోపల మనిషి ఉన్నాడని.

లఖన్ మిస్త్రీ అప్పటికే చెయ్యెత్తి మూత పట్టుకున్నవాళ్లను ఆపేశాడు. "కౌన్ బోలా?" అని, ఎవరు పలికారా అన్నట్టు చుట్టూ చూశాడు. ఎవరూ పలకలేదు. తలలు లెక్కపెట్టాడు. కాగితంలో ఎందరున్నారో బయట అందరున్నారు, తనొక్కడు అదనం. ఒక ఫిట్టరు, అది గాలి చప్పుడన్నాడు. ఇంకొకడు, ఆఖరివాడు అన్న "హాజిర్" లోపల తిరిగి వచ్చిందన్నాడు. కాగితం మడిచి, సంచిలో పెట్టి, జేబులో దోపుకున్నంతసేపు తిరిగే ప్రతిధ్వనిని నేనెక్కడా వినలేదు. పైగా హాజిర్ అంటే ఉన్నానండీ అని తిరిగొస్తుందా?

మిస్త్రీ మూతలో తల పెట్టి కేకేశాడు. జవాబు లేదు. మళ్లీ కేకేశాడు. లేదు. గ్యాసు వదిలేవాళ్లు అవతల్నుంచి తొందరపెడుతున్నారు. లెక్క సరిపోయింది, కాగితం ఉంది, ఇంకా ఆలస్యమెందుకని సూపర్‌వైజరు మనిషిని పంపించాడు. సూపర్‌వైజరు మాట విని ఆ మూత వేసి ఉంటే లఖన్ మిస్త్రీని ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆయన నా మొహం ఒకసారి చూసి, నడుముకు తాడు కట్టించుకుని, టార్చి పట్టుకుని లోపలికి దిగాడు.

చాలాసేపు ఏమీ లేదు. వాన చప్పుడు, తాడు ఇనుముకి రాసుకునే చప్పుడు. తర్వాత తాడు రెండు కుదుపులు కుదిపాడు. అంటే మనిషి దొరికాడని.

ముందు కాళ్లు కనిపించాయి. తర్వాత మెడకు కట్టుకున్న గుడ్డ కనిపించింది. పసుపు మీద ఆకుపచ్చ గళ్లు. అమ్మ పాత చీర చింపి, నిప్పురవ్వలు మెడలో పడకుండా అన్నయ్య కట్టుకునే ముక్క. ఆ చీర అమ్మ ఒంటి మీద ఎన్నేళ్లు చూశానో. నా చేతిలో గొడుగు ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు.

అన్నయ్య పెదాలు, గోళ్లు ఎర్రగా ఉన్నాయి. పెళ్లికొడుకు తాంబూలం వేసుకున్నంత ఎర్రగా. ఆ గ్యాసు పట్టినవాళ్లు అలా ఉంటారని తర్వాత డాక్టరు చెప్పాడు. నేను మాత్రం మనిషి పోయాడనే అనుకున్నాను. ఆ వానలో, అంతమంది మగవాళ్ల మధ్య కూర్చుని, వాడి తల ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలిచాను. పలకలేదు.

బతికాడు. అది ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, మర్నాటికి కళ్లు తెరిచాడు.

జరిగింది ఏమిటంటే, గొట్టంలో పనిచేస్తున్న వెల్డరు ఒకడికి కంట్లో రవ్వ పడి బయటికి వచ్చేశాడు. పని సగంలో ఆగకూడదని సేఫ్టీ గుమాస్తా షెడ్డుకి వెళ్లి అన్నయ్యను పిలుచుకొచ్చాడు. అవతలి వైపున్న రెండో మూతలోంచి దించాడు. వంపు తిరిగిన చోట ఒంటరిగా పని. ఇవతల ఉన్న ముఠాకి ఒక కొత్త మనిషి దిగాడన్న సంగతే తెలియదు. గుమాస్తా చీటీ మీద ఆ వెల్డరు పేరు గీత పెట్టి తీసేసి, అన్నిటికంటే కింద అన్నయ్య పేరు రాసి మా గదికి పంపి, షిఫ్టు అయిపోగానే ఇంటికి వెళ్లిపోయాడు. వంపులో ఎక్కడో కాస్త గ్యాసు మిగిలిపోయి ఉంది. అతుకు సగం వేశాడో లేదో, అన్నయ్య అక్కడే ఒరిగిపోయాడు. అంటే వాడు లోపల ఉన్నాడని ఆ పూట కార్ఖానాలో చెప్పగలిగింది మా గదికొచ్చిన ఆ చీటీ, మా ఫైలు మాత్రమే. ఆ ఫైలులోంచి వచ్చిన కాగితంలోనే వాడు లేడు.

విచారణ మొదలైంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ అందరి మీదా తోశారు. చివరికి అందరి వేళ్లూ వరహాలమ్మ పిన్ని వైపు తిరిగాయి. చీటీలో పేరుంది, కాగితంలో లేదు, కాబట్టి టైపు చేసినావిడ వదిలేసింది. పిన్ని నోరు పడిపోయింది. అంత నోరున్న మనిషి నా టెర్మినల్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఏడ్చింది.

"నాను కొట్టేనే. ఎల్. సింహాచలం అని ఈ ఏళ్లతోటే కొట్టేను. మనోడి పేరే గదా అనుకున్నాను గూడా. నీకు సెప్దునుగానీ, రోజూ సేసే పనే గదా, ఏటుందిలే అనుకున్నాను. నానెందుకు ఒగ్గేత్తానే?"

ఫైలు తెరిచి చూశాను. ఉంది. ఆఖరి వరసలో ఎల్. సింహాచలం. స్క్రిప్టు నడిపాను. కాగితంలో లేదు. మళ్లీ నడిపాను. లేదు. ఆ కింద లెక్క కూడా ఒకటి తక్కువే వేసింది, కాబట్టి కాగితం తనతో తాను చక్కగా సరిపోతోంది. పాత ఫైళ్లు తీసి నడిపాను. ప్రతి దాంట్లోనూ ఆఖరి పేరు ఎగిరిపోతోంది. నెలల తరబడి ఎగిరిపోతూనే ఉంది.

మరి ఎవరూ ఎందుకు కనిపెట్టలేదు? ఎందుకంటే చీటీలో ఆఖరి పేరు ఎప్పుడూ లఖన్ మిస్త్రీది. తన వాళ్లందరూ దిగాక తను దిగడం, అందరి పేర్లూ రాయించాక తన పేరు రాయించుకోవడం ఆయన పద్ధతి. ప్రమాదం జరిగిన రోజు మాత్రం ఆయన మూత దగ్గరే ఉండి పని చూశాడు, చీటీలో ఆయన పేరే లేదు. కాగితం పిలిచేది కూడా ఆయనే. తన పేరు అందులో లేకపోవడం ఆయన చూశాడు. అడిగితే చెప్పాడు, పిలిచేవాణ్ణి ఎవరు పిలుస్తారు, మిషన్ తెలివైనది, మర్యాద తెలిసినది అనుకున్నాడట.

పిన్నిని నా ముందు ఒక కొత్త ఫైలు కొట్టమన్నాను. అప్పుడు చూశాను. ప్రతి పేరు తర్వాతా ఎంటర్ కొట్టే మనిషి, ఆఖరి పేరు తర్వాత కొట్టలేదు. ఫైలు ముగించడానికి కంట్రోల్-డి అని ఒక మీట ఉండేది. మామూలుగా ఒకసారి నొక్కితే చాలు. వరస మధ్యలో ఆగిపోతే మాత్రం రెండుసార్లు నొక్కాలి. పిన్ని ఎప్పుడూ రెండుసార్లు నొక్కేది. ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను, గట్టిగా నొక్కే అలవాటేమో అనుకున్నాను.

"ఆఖర్న ఎంటర్ ఎందుకు కొట్టవు పిన్నీ?"

పిన్ని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "కొడితే కింద ఇంకో వరస కాళీగా వత్తాది గదే. మనుసులు లోనికి దిగినారా, ఆల పేర్ల కింద కాళీ వరస ఎలా ఒగ్గుతానే? బంతిలో ఇస్తరేసి మనిసిని కూకోబెట్టకపోతే ఏటవుతాది? ఎవలో వొచ్చి కూకుంటారు. మా అమ్మ కాళీ ఇస్తరి కనబడితే మడిసీసి తీసీసేది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ ఖాళీ వరసలో ఎవరూ వచ్చి కూర్చోకూడదని, ఇన్నాళ్లూ ఆ ముఠా మనుషుల కోసం ఆవిడ చేసుకున్న రక్ష అది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

స్క్రిప్టుకి వరస అంటే పేరు కాదు, పేరు తర్వాత ఎంటర్. అది లేకపోతే వరస పూర్తి కాలేదని దాని లెక్క. ఇంకా సరిగ్గా తెలుసుకుందామని స్క్రిప్టు చివర నేనొక ఆజ్ఞ చేర్చాను: ఆగిపోయేముందు నీ చేతిలో ఏముందో చూపించు అని. నడిపాను. ప్రింటరు అరిచి ఒక్క వరస వేసింది. ఎల్. సింహాచలం.

అంటే అది చదవకపోలేదు. చదివింది. చదివి, నోట్లో పెట్టుకుని, పిలవకుండా ఊరుకుంది. ఆ వరస చూసినప్పుడు మొదటిసారి నాకు ఒళ్లు జలదరించింది. గొట్టం దగ్గర వేయని భయం ఆ చల్లటి గదిలో, పట్టపగలు, ట్యూబులైట్ల కింద వేసింది.

పిన్ని మీద మచ్చ పోయింది. నేను స్క్రిప్టులో ఒక షరతు కలిపాను: ఫైలు అయిపోయినా చేతిలో పేరు మిగిలి ఉంటే దాన్ని కూడా వెయ్యి అని. పిన్నిని మాత్రం ఎంటర్ కొట్టమని అడగలేదు. మర్నాడు మొదటిసారి కాగితంలో లఖన్ మిస్త్రీ పేరు వచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. "తో ఇత్‌నే దిన్ హమ్ అందర్ హీ థే?" అన్నాడు. ఇన్నాళ్లూ కాగితం ప్రకారం తను గొట్టంలోనే ఉండిపోయాడా అని. తన పేరు తను పిలవనన్నాడు, వేరేవాడి చేత పిలిపించి "హాజిర్" అన్నాడు.

ఇంతవరకూ అంతా లెక్కకు అందేదే. అందనిది ఇక్కడ మొదలవుతుంది.

ఆ రోజు గొట్టంలోంచి మాట వినిపించిందని లఖన్ మిస్త్రీ విచారణలో చెప్పాడు. ఏం మాట అంటే చెప్పలేకపోయాడు. తమ బోలీ కాదని, తెలుగువాళ్ల మాటలా ఉందని అన్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. కాబట్టి నేను ఒక్కదాన్నే విన్నానని, ఆడపిల్ల భ్రమపడిందని అనడానికి లేదు. అన్నయ్యే స్పృహలో ఉన్నంతసేపట్లో పలికాడేమో అని డాక్టరును అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మనిషి బయటికి వచ్చేసరికి ఉన్న స్థితిని బట్టి చాలా ముందే స్పృహ పోయి ఉండాలట, నోరు కదిపే ప్రశ్నే లేదట. ఒకవేళ కదిపాడనుకున్నా, వాడు పడి ఉన్నది వంపు అవతల. మిస్త్రీ మూతలోంచి పెట్టిన కేకకి జవాబు రాలేదు. ఆ మాట మాత్రం పక్కనుంచి వచ్చింది.

అన్నయ్య కాస్త తేరుకున్నాక నేనే అడిగాను. ఇంకెవరూ లేరు, వదిన పళ్లరసం తేవడానికి వెళ్లింది. ఏం గుర్తుందిరా అంటే, వాడు సీలింగు వైపు చూస్తూ చెప్పాడు. నాతో హిందీలో మాట్లాడేవాడు తెలుగులో చెప్పాడు.

"పేర్లు పిలత్తన్నారు. అందరివీ అయిపోనాయి. ఆకర్న నాది పిలిసేరు. కాయితం సదివినట్టు, ఎల్. సింహాచలం అని. పలికేను."

"ఎవరు పిలిచారు? మిస్త్రీయా?"

"కాదు. మిస్త్రీ కాదు."

"మరెవరు?"

వాడు కళ్లు మూసుకున్నాడు. నేను మళ్లీ అడగలేదు.

కార్ఖానాలో వాణ్ణి ఎల్. సింహాచలం అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ వాడు చలమ్. చీటీ మీద గుమాస్తా రాసింది కూడా సింహాచలం వెల్డర్ అనే, ఆ చీటీ నేను చూశాను. వెల్డర్ మాట తీసేసి, ఇంటిపేరు తెలిసిన మనిషి గనుక ముందు ఎల్ పెట్టి కొట్టింది పిన్ని. ఆ రూపంలో ఆ పేరు ఆ పూట ఉన్నది ఒక్కచోటే. స్క్రిప్టు చదివి, పిలవకుండా వదిలేసిన వరసలో.

ఈ సంగతి పిన్నికి చెప్పాను. ఏదో ఒక మొట్టికాయ లాంటి మాట అంటుందని, నవ్వి తేలికపడదామని చెప్పాను. పిన్ని నవ్వలేదు. అల్లుతున్న స్వెటరు ఒళ్లో పెట్టుకుని, "కనబడకుండా పిలిత్తే మూడోపాలి దాకా పలక్కూడదని సిన్నప్పుడు మీకెవలూ సెప్పలేదేటే?" అంది. "బతికినాడు గనక సరిపోనాది. ఒకపాలి పలికినోడిని మల్లీ పిలుత్తారు. ఈపాలి పలకొద్దని సెప్పు అన్నియ్యకి."

నేను చెప్పలేదు. ఇలాంటివి నమ్మనని గదా నా గొప్ప.

ఆ తర్వాత వదినకు పాప పుట్టింది. అన్నయ్య వెల్డింగు మానేసి స్టోర్సులో చేరాడు, కార్ఖానా మూతపడ్డాక బాగ్‌బేరాలోనే చిన్న సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు. మనవడిని స్కూటర్ మీద బడికి దింపుతాడు. ఇప్పటికీ అమ్మ ఫొటోతో కూడా హిందీలోనే మాట్లాడతాడు.

కానీ ఒకటుంది. పాప పుట్టిన ఏడాది మొదలైంది. ఇంట్లో అందరం భోజనానికి కూర్చుంటాం. మాటల మధ్యలో ఎప్పుడో అందరం ఒకేసారి ఊరుకునే క్షణం ఒకటి వస్తుంది, ప్రతి ఇంట్లోనూ వచ్చేదే. అప్పుడు అన్నయ్య ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తుతాడు. గోడ వైపు కాదు, తలుపు వైపు కాదు, ఎటూ కాని వైపు చూసి మామూలుగా అంటాడు: "ఉన్నానండీ."

ఎవరూ పిలిచి ఉండరు. అన్న తర్వాత తినడం మొదలుపెడతాడు. ఏమన్నావని అడిగితే, ఏమన్నాను అని మమ్మల్నే అడుగుతాడు. మొదట్లో వదిన ఏడ్చేది, పూజలూ తాయెత్తులూ చేయించింది. ఇప్పుడు అలవాటు పడింది. ఏడాదికి ఏ రెండు మూడుసార్లో. వాడు పలికిన ప్రతిసారీ వదిన వాడి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, కంచం ఖాళీ అయ్యేదాకా వదలదు.

పోయిన నెల నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు మళ్లీ జరిగింది. ఈసారి వాడి పక్కనే కూర్చున్నాను. ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు, ఎవరినీ 'అండీ' అనే అలవాటు వాడికి పుట్టుక నుంచీ లేదు. ఆ మర్యాద ఎవరికో నాకు తెలియదు. ఇంకొకటి కూడా ఉంది, వదినతో చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. గొట్టం దగ్గర విన్నది తెలియని గొంతు అని మొదట్లోనే రాశాను. అది అన్నయ్య గొంతు కాదని ఈ రోజుకీ ప్రమాణం చేసి చెబుతాను. కానీ భోజనాల దగ్గర వాడు ఆ ఒక్క మాట పలికేటప్పుడు వచ్చేది వాడి గొంతు కాదు. ఆ రోజు వానలో, మూత పక్కన నేను విన్న గొంతు.

నేను దెయ్యాలను నమ్మను. స్క్రిప్టు ఆ పేరును ఎందుకు పిలవలేదో గంటలో కనుక్కున్నాను. అన్నయ్య విన్న పిలుపు ఎవరిదో, మేము విన్న జవాబు ఎవరిదో ఇన్నేళ్లలో కనుక్కోలేకపోయాను. పోయిన నెల ఆ పూట వదిన వాడి చెయ్యి పట్టుకోవడం ఆలస్యమైతే, నేనే వాడి రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.